నక్షత్రాలకు దారి ఖర్చు

శుక్రవారం సాయంత్రం దోహాలోని ఉమ్ ఘువైలినా సందుల్లో నిలబడితే చెవులకు తీరిక ఉండదు. కరక్ చాయ్ కొట్టు ముందు నేపాలీ, పక్కనే ఉర్దూ, ఎదుటి బకాలా కొట్టులో బెంగాలీ, మెట్రో స్టేషను దారిలో సింహళం, అన్నిటి మీదా అరబ్బీ. వాటి మధ్యలోనే ఎవరో ఫోను చెవికి ఆనించుకుని "అమ్మా, తిన్నవా?" అని అడుగుతుంటారు. నిజామాబాదు యాస కావచ్చు, కడప యాస కావచ్చు, కోనసీమ యాస కావచ్చు. తెలుగే.

ఈ భాషలన్నీ ఇలా పక్కపక్కన చేరిన చోటు ఇంకొకటి ఉంది. 1977లో అమెరికా పంపిన రెండు వాయేజర్ నౌకలకూ బంగారు పూత పూసిన రాగి పళ్లెం ఒక్కొక్కటి బిగించారు. ఎప్పుడైనా, ఎవరికైనా దొరికితే వినడానికి 55 భాషల్లో మనుషుల పలకరింపులు అందులో ఉన్నాయి. అరబ్బీ, నేపాలీ, ఉర్దూ, బెంగాలీ, సింహళం ఉన్నాయి. తెలుగు ఉంది. దోహాలో ఎటు తిరిగినా వినిపించే మలయాళం మాత్రం లేదు, తమిళమూ లేదు. అది లోటే. అయినా ఆ పళ్లెం మీది మాటల వరస చదువుతుంటే ఉమ్ ఘువైలినాలో ఒక వీధి ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచినట్టే ఉంటుంది.

వాయేజర్ 1 2012 ఆగస్టు 25న సూర్యుడి నుంచి వీచే కణాల గాలి చేరగలిగిన ఎల్లను దాటింది. వాయేజర్ 2 2018 నవంబరు 5న దాటింది. అంటే తెలుగు మాట ఒకటి నక్షత్రాల నడిమి చీకటిలోకి ఇప్పటికే చేరుకుంది. మన భాషకు దక్కిన గౌరవాల్లో ఇంత దూరం వెళ్లినది మరొకటి లేదు. ఆ సంతోషం నిజమైనదే. దాని వెనకే ఒక ప్రశ్న వస్తుంది. ఆ మాట మరో నక్షత్రానికి ఎప్పటికి చేరుతుంది?

వాయేజర్ 1 వేగం సెకనుకు 17 కిలోమీటర్లు. దోహా నుంచి హైదరాబాదుకు విమానంలో నాలుగు గంటల ప్రయాణం. ఆ నౌక వేగంతో అయితే మూడు నిమిషాలు కూడా పట్టదు. అంత వేగంతోనూ, సూర్యుడి తర్వాత మనకు అతి దగ్గరి నక్షత్రమైన ప్రాక్సిమా సెంటారీ ఉన్నంత దూరం పోవడానికి సుమారు 75 వేల ఏళ్లు కావాలి. ఆ దూరం 4.24 కాంతి సంవత్సరాలు. ఖతర్ ఖగోళ శాస్త్రజ్ఞుడు ఖాలిద్ అల్ సుబాయి నేతృత్వంలోని బృందం 2010లో ఒక పరాయి గ్రహాన్ని కనిపెట్టి, దానికి ఖతర్-1బి అని ఈ దేశం పేరే పెట్టింది. అది సుమారు 600 కాంతి సంవత్సరాల అవతల ఉంది. చూపు చేరిన చోటికి కాలు చేరడానికి ఏం అడ్డం వస్తోంది?

శక్తి. అడ్డం వచ్చేది అదొక్కటే అన్నా తప్పు లేదు. ఆ శక్తి ఎంతో తెలుసుకోవడానికి ఖతర్‌ను మించిన చోటు లేదు. దోహాకు ఉత్తరాన సుమారు 80 కిలోమీటర్ల దూరంలో రాస్ లఫాన్ ఉంది. అక్కడ సముద్ర గర్భం నుంచి తీసిన సహజవాయువును సున్నాకు దిగువన 162 డిగ్రీల దాకా చల్లబరుస్తారు. అది ఆరువందల వంతు కుదించుకుపోయి ద్రవమవుతుంది. దాన్ని ఓడలకెత్తుతారు. మన వాళ్లు ఎందరో ఆ ప్లాంట్లలో పైపులు అతికారు, వాల్వులు తిప్పారు, పరంజాలు కట్టారు. కాబట్టి లెక్క వాళ్లకు తెలిసిన సరుకుతోనే వేద్దాం.

నక్షత్రాల ప్రయాణం మనిషి ఆయుష్షులో ముగియాలంటే కాంతి వేగంలో కనీసం పదో వంతు ఉండాలి. అంటే సెకనుకు 30 వేల కిలోమీటర్లు. ఒక్క కిలో బరువును ఆ వేగానికి తేవడానికి కావలసిన శక్తి, సుమారు 9 వేల టన్నుల ద్రవ సహజవాయువును కాల్చితే వచ్చే వేడికి సమానం. ఒక కిలో బియ్యం పొట్లానికి తొమ్మిది వేల టన్నులు! ఖతర్ నడిపే అతి పెద్ద గ్యాస్ ఓడ, క్యూ-మాక్స్, ఒక్కసారికి దాదాపు లక్షా ఇరవై వేల టన్నులు మోస్తుంది. ఆ ఓడెడు గ్యాసూ కలిపి 13 కిలోలను పంపుతుంది. మూడేళ్ల పిల్లవాడి బరువు అది.

మన దేశానికి ఈ గ్యాసు 2004 నుంచి దహేజ్ రేవుకు వస్తోంది. 1999లో పెట్రోనెట్ సంస్థ కుదుర్చుకున్న ఒప్పందం ప్రకారం ఏడాదికి 75 లక్షల టన్నులు. ఇళ్లకు, ఎరువుల ఫ్యాక్టరీలకు, బస్సులకు పనికొస్తున్న ఆ ఏడాది సరుకు మొత్తాన్ని ఈ పనికే వాడితే ఎంత బరువు పంపగలం? 830 కిలోలు. వాయేజర్ బయలుదేరినప్పటి బరువూ ఇంచుమించు అంతే. ఖతర్ ఏడాది సామర్థ్యం 7.7 కోట్ల టన్నులు మొత్తం పెట్టినా ఎనిమిదిన్నర టన్నులు. ఒక లారీ లోడు. పైగా ఈ లెక్కలో ఒక్క జౌలు కూడా వృథా కాదని అనుకున్నాం. అక్కడికి చేరాక ఆగాల్సిన పని లేదనీ అనుకున్నాం. ఆగాలంటే ఖర్చు ఇంతకు ఇంత.

ఇది కేవలం శక్తి లెక్క. రాకెట్ లెక్క ఇంతకంటే కఠినం. 1903లో రష్యాలో సియోల్కోవ్‌స్కీ అనే బడిపంతులు ఆ లెక్క రాసి పెట్టాడు. రాకెట్ తన ఇంధనాన్ని తానే మోసుకుపోవాలి. మోస్తున్న ఇంధనాన్ని కదిలించడానికి మరికొంత ఇంధనం. ఆ మరికొంతను మోయడానికి ఇంకొంత. రాకెట్ వెనక నుంచి పొగ ఎంత వేగంతో దూసుకుపోతుందో అంత వేగం రాకెట్‌కు రావాలంటే, బయలుదేరేటప్పటి బరువు చివరికి మిగిలే బరువుకు 2.7 రెట్లు ఉండాలి. రెండింతల వేగానికి ఏడు రెట్లు దాటుతుంది. మూడింతలకు ఇరవై రెట్లు.

గల్ఫ్ వచ్చిన మనిషికి ఈ లెక్క కొత్తగా చెప్పాలా? ఏజెంటుకు కట్టడానికి ఊళ్లో నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు, చక్రవడ్డీ అయితే సుమారు రెండేళ్లకు రెట్టింపవుతుంది. రెండేళ్ల కాంట్రాక్టు పూర్తయ్యేసరికి అసలుకు అసలు తలకు చుట్టుకుని ఉంటుంది. సంపాదించడానికి వచ్చాడు. వచ్చిన దారి ఖర్చే సంపాదనను తినేసింది. చక్రవడ్డీ గణితమూ రాకెట్ గణితమూ ఒకటే. పోలిక కోసం అంటున్న మాట కాదిది, రెండింటి సమీకరణమూ ఒకే కుదురులోది. జగిత్యాల నుంచో రాజంపేట నుంచో వచ్చి ఈ సందుల్లోని గదుల్లో ఉంటున్న వాళ్లు సియోల్కోవ్‌స్కీ పేరు విని ఉండకపోవచ్చు. ఆయన సూత్రాన్ని వాళ్లు ఒంటి మీద మోశారు.

హైదరాబాదులో స్కైరూట్ అనే రాకెట్ల సంస్థను పవన్ కుమార్ చందన, నాగభరత్ డాక స్థాపించారు. 2021లో ఆ సంస్థ ధవన్-1 అనే క్రయోజెనిక్ ఇంజన్‌ను మండించి చూపింది. దాని ఇంధనం ద్రవ సహజవాయువు, దాన్ని మండించేది ద్రవ ఆక్సిజన్. రాస్ లఫాన్‌లో ఓడలకెక్కే సరుకు లాంటిదే మన కుర్రవాళ్ల ఇంజన్‌లోనూ మండింది. మరుసటి ఏడు నవంబరు 18న వాళ్ల విక్రమ్-ఎస్ శ్రీహరికోట నుంచి ఎగిరింది. అది ఘన ఇంధనపు రాకెట్. గర్వించవలసిన పని. కానీ ఇలాంటి ఇంజన్లలో పొగ వేగం సెకనుకు మూడున్నర కిలోమీటర్లకు అటూ ఇటూ. దానితో కాంతి వేగంలో పదో వంతు అందుకోవాలంటే, కిలో సరుకుకు ఎన్ని కిలోల ఇంధనం కావాలో రాయడానికి 3,600కు పైగా అంకెలున్న సంఖ్య కావాలి. కనిపించే విశ్వంలో ఉన్న పరమాణువులన్నీ లెక్కపెట్టినా ఆ సంఖ్యకు సుమారు 80 అంకెలే. కాబట్టి మండించి వెళ్లే దారి మూసుకుపోయినట్టే. భూమి చుట్టూ తిరగడానికి, చంద్రుడి దగ్గరకు, అంగారకుడి దగ్గరకు వెళ్లడానికి ఆ దారి చాలు. నక్షత్రాలకు చాలదు.

మరి దేనితో? ఇక్కడ కథ గుంటూరుకు వస్తుంది.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం తెలుగు నేల మీదుగా సాగింది. దాన్ని చూడటానికి ఫ్రాన్సు నుంచి పియర్ జాన్సెన్ గుంటూరు వచ్చాడు. మేజర్ టెన్నంట్ బృందం కూడా గుంటూరులోనే దిగింది. మద్రాసు నక్షత్రశాల నుంచి పోగ్సన్ మచిలీపట్నం చేరాడు. చంద్రుడు సూర్యుణ్ని కప్పేసినప్పుడు అంచుల్లో ఎగసిన ఎర్రని జ్వాలల వెలుగును వాళ్లు వర్ణపటంగా విడదీసి చూశారు. ఆ రోజు కనబడ్డ గీతల్లో పసుపు పచ్చని గీత ఒకటి ఉంది. అది సోడియం గీతలా ఉంది గాని, సరిగ్గా దాని చోట లేదని మచిలీపట్నంలో పోగ్సన్ గమనించాడు. ఆ ఏడాదే అక్టోబరులో ఇంగ్లండులో లాకియర్ దాన్ని మళ్లీ చూశాడు. అది భూమి మీద ఎవరూ ఎరగని మూలకం. సూర్యుడి గ్రీకు పేరు మీదుగా దానికి హీలియం అని పేరొచ్చింది. ఆ తర్వాత 27 ఏళ్లకు, 1895లో, విలియమ్ రామ్సే యురేనియం ఖనిజం నుంచి దాన్ని భూమి మీద పట్టుకున్నాడు.

ఆ హీలియమే ఇప్పుడు రాస్ లఫాన్ సరుకు. సహజవాయువుతో పాటు రవ్వంత హీలియం పైకి వస్తుంది. 2005 నుంచి దాన్ని వేరు చేసి, సున్నాకు దిగువన 269 డిగ్రీల దాకా చల్లార్చి, ద్రవంగా పంపుతున్నారు. ఇటీవలి సంవత్సరాల లెక్కల్లో ప్రపంచ హీలియంలో నాలుగో వంతుకు పైగా ఈ చిన్న దేశానిదే. 2017లో పొరుగు దేశాలతో సరిహద్దులు మూతబడి ఈ ప్లాంట్లు కొన్నాళ్లు ఆగితే ఆస్పత్రుల ఎంఆర్ఐ యంత్రాల వాళ్ల దగ్గర నుంచి ప్రయోగశాలల వాళ్ల దాకా కంగారుపడ్డారు. రాకెట్లకూ అది కావాలి. ద్రవ హైడ్రోజన్ ఉన్నంత చలిలోనూ గడ్డకట్టదు, దేనితోనూ కలవదు. అందుకే ఇంధనపు ట్యాంకుల్లో ఒత్తిడి నిలపడానికి దాన్ని నింపుతారు. సూర్యుడిలో చూసిన ఆ గీత తాలూకు వాయువు, గుంటూరు మనిషి పనిచేసే ప్లాంటులోంచి ట్యాంకులకెక్కి వెళ్తోంది. గుంటూరుకు మిర్చి వల్ల, పొగాకు వల్ల వచ్చిన పేరు మంచిదే. ఈ పేరు కూడా దక్కవలసిందే.

ఖతర్ భూగర్భంలో ఈ హీలియం ఎలా పుట్టింది? రాళ్లలోని యురేనియం, థోరియం కోట్ల ఏళ్లుగా నెమ్మదిగా విచ్ఛిన్నమవుతూ ఆల్ఫా కణాలను విడుస్తాయి. ఆల్ఫా కణం అంటే హీలియం కేంద్రకమే. వాయేజర్‌లో కరెంటు పుట్టించేదీ ఇలాంటి విచ్ఛిత్తే. అందులోని ప్లుటోనియం-238 ఆల్ఫా కణాలను విడుస్తూ వేడెక్కుతుంది. ఆ వేడి కరెంటవుతుంది. ప్లుటోనియం ముద్దలో రవ్వంత రవ్వంతగా హీలియం పోగవుతుంది. మన తెలుగు పలకరింపు ప్రయాణిస్తున్న నౌకలో ఈ క్షణాన కూడా హీలియం పుడుతూనే ఉంది.

నక్షత్రాల నౌకల గురించి ఇంజనీర్లు శ్రద్ధగా కూర్చుని వేసిన మొదటి పెద్ద నమూనాకూ హీలియమే ఆధారం. 1973 నుంచి 1978 దాకా బ్రిటిష్ ఇంటర్‌ప్లానెటరీ సొసైటీ సభ్యులు అలన్ బాండ్ నాయకత్వంలో డెడలస్ అనే నౌకను కాగితం మీద రూపొందించారు. అందులో మండేది ఏమీ లేదు. డ్యుటీరియం, హీలియం-3 కలిపిన చిన్న గుళికలను సెకనుకు 250 చొప్పున పేల్చుతూ పోవడమే. సూర్యుడిలో జరిగే సంలీనం లాంటిదే అది. ఇక్కడ పొగ వేగం సెకనుకు సుమారు 10 వేల కిలోమీటర్లు. చక్రవడ్డీ ఒక్కసారిగా దిగివస్తుంది. 50 వేల టన్నుల ఇంధనంతో సుమారు 450 టన్నుల సరుకును కాంతి వేగంలో 12 శాతానికి తేవచ్చని, 5.9 కాంతి సంవత్సరాల దూరాన ఉన్న బర్నార్డ్ నక్షత్రాన్ని 50 ఏళ్లలో చేరవచ్చని వాళ్ల లెక్క. ఆ హీలియం-3 రాస్ లఫాన్‌లో దొరికేది కాదు. ఇక్కడిది మామూలు హీలియం-4. అంత హీలియం-3 కోసం గురుగ్రహపు వాతావరణంలో బెలూన్లు వేలాడదీసి తోడాలని వాళ్లు రాశారు. అంటే ప్రయాణానికి ముందు ఇంధనం కోసమే ఇంకో ప్రయాణం. సంలీనాన్ని భూమి మీదే ఇంకా పొయ్యిలా వాడుకోలేకపోతున్నాం. డెడలస్ కాగితం మీదే ఉంది.

పదార్థాన్ని తాకితే పూర్తిగా శక్తిగా మారిపోయే ప్రతిపదార్థం సంగతి చెప్పుకోవచ్చు గాని, దాన్ని గ్రాములో కోటి వంతు కూడా నిలవ చేయలేని రోజుల్లో అది లెక్కకు రాదు.

నా మనసు మాత్రం ఇంకో దారి వైపు మొగ్గుతుంది. ఇంధనం మోయడమే బరువైతే, ఇంట్లోనే వదిలి వెళ్లడం. 2010లో జపాన్ ఇకారస్ అనే నౌకకు పలచని తెరచాప కట్టి సూర్యకాంతి తోపుతోనే నడిపి చూపింది. 2016 ఏప్రిల్ 12న యూరీ మిల్నర్, స్టీఫెన్ హాకింగ్ ప్రకటించిన స్టార్‌షాట్ ఆలోచన దాన్నే చివరిదాకా లాగింది. కొద్ది గ్రాముల బరువున్న చిన్న పరికరం, దానికో తెరచాప. దాన్ని భూమి మీది నుంచి 100 గిగావాట్ల లేజర్ కాంతితో కొద్ది నిమిషాలు నెడితే కాంతి వేగంలో ఐదో వంతు అందుకుంటుంది. 20 ఏళ్ల పైచిలుకులో ప్రాక్సిమాకు పొరుగైన ఆల్ఫా సెంటారీని దాటుతుంది. 100 గిగావాట్లంటే ఎంత? 2024 మే 30న, ఎండలు మండిన రోజు, మన దేశమంతా కలిపి ఒక్కసారిగా వాడిన అత్యధిక విద్యుత్తు 250 గిగావాట్లు. అందులో ఐదింట రెండు వంతులు, కొద్ది గ్రాముల కోసం. పొదుపుగా కూడబెట్టిన శక్తిని కొద్ది నిమిషాల్లో ఖర్చు చేయాలి. కష్టమే. కానీ ఇందులో అసాధ్యం లేదు. ఇది మూడువేల ఆరువందల అంకెల సంఖ్య కాదు. మనుషులు కట్టగల సంఖ్య.

పెద్ద నౌక, లోపల తోటలు, తరాల కొద్దీ మనుషులు అనే చిత్రాలు సినిమాల్లో అందంగా ఉంటాయి. మొదట వెళ్లేది అలాంటిది కాదు. కొన్ని గ్రాముల బరువు, ఒక కన్ను, ఒక గొంతు. మన ఇళ్లలోంచి మొదట గల్ఫ్ వచ్చిన మనిషి ఎలా వచ్చాడు? ఇల్లంతా సర్దుకుని రాలేదు. ఒక బ్యాగు, ఒక పచ్చడి సీసా, ఒక ఫోన్ నంబరు రాసుకున్న కాగితం. ఇల్లు వెనకే ఉండి అతన్ని నెట్టింది.

వాయేజర్ బయలుదేరిన నాడు దాని మూడు ప్లుటోనియం డబ్బాలు 470 వాట్ల కరెంటు ఇచ్చేవి. ఏడాదికి సుమారు 4 వాట్ల చొప్పున తగ్గుతూ వచ్చింది. అందుకని ఇంజనీర్లు ఒక్కొక్క పరికరాన్నీ ఆర్పుకుంటూ వస్తున్నారు. 2024 సెప్టెంబరులో వాయేజర్ 2లో ఒకటి, 2025 ఫిబ్రవరిలో వాయేజర్ 1లో ఒకటి, మార్చిలో మళ్లీ వాయేజర్ 2లో ఒకటి. వెచ్చదనమిచ్చే హీటర్లనూ ఆర్పారు. భూమితో మాట్లాడే రేడియోను మాత్రం ఆర్పలేదు. దాని శక్తి 23 వాట్లు, ఫ్రిజ్‌లో వెలిగే చిన్న బల్బంత. జీతం ఆలస్యమైన నెలలో అన్నీ తగ్గించుకుని ఇంటికి ఫోను చేసే రీచార్జి ఒక్కటి తగ్గించుకోని వాళ్లు ఉమ్ ఘువైలినాలో గది గదికీ ఉన్నారు. ఆ నౌకను నడిపే వాళ్ల మనసు వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, ఈ విషయం మనది కాదని మన పిల్లలు అనుకుంటున్నారు. దోహాలో చదివే పిల్లలైనా, ఊళ్లో అమ్మమ్మ దగ్గర ఉండి చదివే పిల్లలైనా, నక్షత్రాల నౌక అంటే ఎక్కడో ఎవరో చేసే పని అనుకుంటున్నారు. వాళ్ల నాన్న పనిచేసే ప్లాంటు సరుకుతో లెక్క కట్టి చూపితే అలా అనుకోరు. తొమ్మిది వేల టన్నులకు ఒక కిలో అన్న లెక్క ఎనిమిదో తరగతి పిల్లవాడు వేయగలడు. గుంటూరు గ్రహణం సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ నింపాలి. ఖతర్‌లోని తెలుగు సంఘాలు ఉగాది, బతుకమ్మ, సంక్రాంతి ఎంతో ప్రేమగా జరుపుతాయి. ఆ వేదికల మీద ఒక అరగంట దీనికీ ఇవ్వాలి.

అందుకు మంచి సమయమూ దగ్గరలోనే ఉంది. 2027 ఆగస్టు 2, సోమవారం, సంపూర్ణ సూర్యగ్రహణం సౌదీ అరేబియా మీదుగా సాగుతుంది. మక్కా, జెద్దా ఆ నీడలో ఉంటాయి. దోహాలో ఆ మధ్యాహ్నం పాక్షికంగా కనబడుతుంది. గ్రహణాల కోసం చేసిన అద్దాలు ముందే తెచ్చి పెట్టుకోండి, వట్టి కళ్లతో చూడనివ్వకండి. పిల్లల్ని మేడ మీదికి తీసుకెళ్లి ఆ సూర్యుణ్ని చూపించండి. ఇలాంటి గ్రహణం రోజునే మన గుంటూరులో, మన మచిలీపట్నంలో నిలబడి ఆ వెలుగులో కొత్త గీతను చూశారని, ఆ వాయువునే ఇక్కడికి 80 కిలోమీటర్ల దూరంలో వేరు చేసి పంపుతున్నారని చెప్పండి.